బ్రిడ్జి యాడ అని అడిగిన పెద్దమ్మ

మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. నాయుడుపేట దగ్గర మేం పనిచేసే కంపెనీ ముందు, షిఫ్టు దిగి హైవే దాటుతుంటే లారీ కొట్టింది. కబురు నాకు మిషను దగ్గర తెలిసింది. మిషను ఆపనివ్వలేదు.

ఆమె మా క్యాంటీన్లో వంట చేసేది. ఒకసారి సాంబారు అడుగంటింది. "నా కండ్లు యాడ పెట్టుకున్నానో, ముసిల్దాన్నయిపోతినబ్బా!" అని తనే నవ్వి, మమ్మల్నీ నవ్వించింది. నవ్వించి ఊరుకోలేదు. ఆ గుండిగ దించి, కడిగి, మళ్లీ పప్పు ఉడకేసింది. మేం తినేదాకా తను ముద్ద ముట్టలేదు. తన మీద తాను జోకు వేసుకునే హక్కు అలాంటివాళ్లకే ఉంటుంది.

మా నియోజకవర్గం నాయకుడిది ఇంకో రకం. ఎన్నికల మీటింగులో పెద్దమ్మ లేచి, "నాయనా, రోడ్డు దాటేదానికి బ్రిడ్జి కట్టిస్తానంటివే, యాడ?" అని అడిగింది. ఆయన పొట్ట నిమురుకుంటూ మైకు అందుకున్నాడు.

"అమ్మా, నేను పదో తరగతి తప్పినోణ్ణి. ఈ బొజ్జ అడ్డమొచ్చి నా కాళ్లే నాకు కనపడవు. బ్రిడ్జి యాడంటే నాకేం తెలుస్తాది?"

విజిల్స్, చప్పట్లు. "అన్న ఎంత సాదా మనిషి సూడబ్బా!" అన్నాడు నా పక్కనోడు. పెద్దమ్మ కూర్చోలేదు.

"నీ బొజ్జ గురించి నేనడగలేదు నాయనా. బ్రిడ్జి యాడ?"

ఈసారి జనం ఆమెను చూసి నవ్వారు.

ఇదీ ఇలాంటి నాయకుల పనితనం. ఎవరూ తిట్టకముందే తమను తాము తిట్టుకుంటారు, అదీ నొప్పి పుట్టని చోటు చూసుకుని. బొజ్జ, బట్టతల, తప్పిన పదో తరగతి. కట్టని బ్రిడ్జి మీద జోకు వేసుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

పెద్దమ్మ పోయిన మూడోనాడు, పాలు పోసిన రోజు ఆయన వచ్చాడు, వీడియో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని. ఫోటోకు దండం పెట్టి, "ఈ తల్లి నన్ను ఒరే మొద్దోడా అని తిట్టేది. నిజమే, నేను మొద్దోణ్ణే" అని కళ్లు తుడుచుకున్నాడు.

పచ్చి అబద్ధం. పెద్దమ్మ ఆయన్ను ఏనాడూ తిట్టలేదు. అడిగింది, అంతే. పోయిన మనిషి నోట్లో లేని తిట్టు పెట్టి, దాంతో కూడా మంచివాడు అనిపించుకున్నాడు. "బ్రిడ్జి?" అని నేను నోరు తెరిచేలోపు కారు తలుపు మూసుకుంది.

ఆ సాయంత్రం షిఫ్టు వదిలాక ఆడవాళ్లంతా హైవే అంచున ఆగారు. ఎప్పుడూ పెద్దమ్మే ముందుకెళ్లి లారీలకు చెయ్యెత్తి, వెనకున్నవాళ్లను "రాండి రాండి" అని కేకేసేది. ఇప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. లారీలు పోతూనే ఉన్నాయి. మొదటి అడుగు ఎవరూ వేయలేదు.