పైడయ్య ఇంటి మూస

ఇంగ్లీషువాళ్ళకి ఉక్కంటే ఏమిటో నేర్పింది కంచరపాలెం కమ్మరి పైడయ్య ముత్తాతే. ఆయన లేకపోతే సీమ దొరలు ఈనాటికీ గవ్వపెంకులతో గడ్డాలు గీసుకునేవారు.

ఈ గొప్పంతా పైడయ్యకి తెలియదు. ఆయన చేసేదల్లా పాత లారీ కమాను పట్టీలు కాల్చి కత్తిపీటలు కొట్టడం. చేపలమ్మే అసిరమ్మ వచ్చినప్పుడల్లా, “మావా, నీ కత్తి సేపని కొయ్యదు, బతిమాలుతాది” అనేది.

దేవుడి గూట్లో మాత్రం ఒక మూస ఉండేది. ఇనుము పెట్టి, మూతి మెత్తి, కొలిమిలో కాల్చే మట్టిబుడ్డి. ముత్తాత దాన్ని కాల్చాడు గాని, పగలగొట్టి లోపలి ముద్ద తీసేలోగా పోయాడు. ఎవరూ ముట్టుకోలేదు. మెల్లగా అది అమ్మవారైంది. శుక్రవారం శుక్రవారం పైడయ్య కుళాయి నీళ్ళు తెచ్చిస్తే, భార్య మంగాయమ్మ పసుపు కలిపి స్నానం చేయించి బొట్టు పెట్టేది.

రెండువేల రెండులో అనూరాధ అనే కాలేజీ మేడం ఆ మూస సంగతి విని వచ్చింది.

“ఇంగ్లీషులో ‘వూట్జ్’ అని ఒక మాట ఉందండీ. మన దేశపు ఉక్కు ముద్దలకి వాళ్ళు రాసుకున్న పేరు. మన ‘ఉక్కు’ నుంచే పుట్టిందంటారు.”

“ఉక్కేటమ్మా, ఉక్కునగరం బస్సు మీద రోజూ సూత్తన్నాం కదా.”

“అది వేరండీ. ఈ మూసల్లో చేసే విద్య పోయింది. మాటొక్కటే మిగిలింది. మీ దాంట్లో ఉన్నది ఉక్కే అయితే...”

ఆ వారమంతా పైడయ్య సమ్మెట గురి తప్పింది.

“ఓలే, మనోళ్ళు నిజంగా సేసారో లేదో తెలిస్తే సాలే నాకు.”

“అమ్మోర్ని పగలగొడతావేటి?”

“పగలగొడితే గాని తెల్దే.”

మంగాయమ్మ హారతిచ్చి పక్కకి తప్పుకుంది. మళ్ళీ వచ్చిన మేడం చూస్తుండగా పైడయ్య లెంపలేసుకుని, ఒక్క దెబ్బ వేశాడు.

ఎర్రటి పొడి రాలింది. నడుమ ఉన్న చిన్న గడ్డ కూడా వేళ్ళ మధ్య నలిగిపోయింది.

అనూరాధ పెంకు తిప్పి చూసింది. “ఇక్కడ బీట ఉందండీ. స్నానం చేయించిన నీళ్ళు ఇన్నేళ్ళూ లోపలికి దిగాయి. అంతా తుప్పే. ఇది ఇనుమో, ఉక్కో, ఇక ఎవరూ చెప్పలేరు.”

మంగాయమ్మ చేతిలోని పసుపునీళ్ళ చెంబు వీపు వెనక్కి పోయింది.

మేడం వెళ్ళాక పైడయ్య ఆ పొడిని కాగితం మీదకి ఎత్తాడు. ఏం చెయ్యాలో తోచక కొలిమిలో పోసి తిత్తి ఊదాడు. ఎర్రబడింది. చల్లారింది. సమ్మెటకి అందే ముక్క ఒక్కటీ లేదు. అసిరమ్మ కత్తి తెచ్చింది గాని, ఆయన మొహం చూసి తనే రాతి మీద నూరుకుని పోయింది.

ఇదంతా నేను రాసి వినిపిస్తే మా తాత పైడయ్య చివరిదాకా విన్నాడు.

“మీ మామ్మ పోసిందని రాసీసావేట్రా? నీళ్ళు పోసింది నాను. అది కొట్టెయ్.”