వెనక్కొచ్చిన బండి

నిన్న ఆమదాలవలస గేటు దగ్గర ఓ పాసింజరు బండిని ఇంజను వెనకనుంచి నెట్టుకొస్తుంటే చూసి, నా చెంప చురుక్కుమంది.

మా నాన్న రైల్లో గార్డు. ఒక వానాకాలం నన్ను తన పెట్టెలో ఎక్కించుకున్నాడు. దారిలో పట్టాలు కొట్టుకుపోయాయని బండిని వెనక్కి నెట్టమన్నారు. చివరనున్న మా పెట్టే ఇప్పుడు అన్నిటికన్నా ముందు. డ్రైవరుకి దారి కనబడదు, చూడాల్సింది నాన్నే. తడిసిన పచ్చజెండా బయటికి చాపి, "పట్టాల మీంచి సూపు తిప్పకూడదమ్మా, మాటాడకు" అన్నాడు. ఆ జెండాయే బండిని లాగుతోందనుకున్నాను నేను.

"నాన్నా, నెమలి!" అని చొక్కా లాగాను. నాన్న తిరిగి చూశాడు. బ్రేకు వేసేసరికి మూడు మేకలు చక్రాల కిందున్నాయి.

మేకల ముసలాయన ఏడుస్తూ పైకెక్కి నాన్న చెంప మీద కొట్టాడు. "ఎల్లిపోయిన బండి మళ్ళీ ఎనక్కొస్తాదని మాకేటి తెలుస్తాదిరా?"

నాన్న తలొంచుకున్నాడు.

"నువ్వూ కొట్టు నాన్నా, ఆడిదే తప్పు!" అని అరిచాను.

ఆ దెబ్బ నాదని నాన్నకి తెలుసు. పోయేదాకా ఒక్క మాటనలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేది.