మామయ్య లెక్కపెట్టిన ఎర్ర దీపం

ఆమె ఇంటి ముందుగదిలోనే బట్టలు కుట్టేది. పదేళ్లు తొక్కి తొక్కి మోకాళ్లు నొప్పి పుట్టాక, మిషనుకు చిన్న మోటారు బిగించుకుంది. మామగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఏది కాస్త ఎక్కువైనా, టికెట్టు లేని ప్రయాణికుణ్ణి పట్టుకున్నట్టు పట్టుకునేవారు.

"ఈ నెల యాభై యూనిట్లు ఎక్కువ కాలాయి. నీ మోటారే కరెంటు తాగేస్తోందమ్మా," అన్నారు ఒక ఆదివారం పొద్దున.

ఆమెకు ఉక్రోషం ముంచుకొచ్చింది. బడిలో లెక్కలంటే చెవి కోసుకున్న పిల్ల మరి. "అయితే ఇప్పుడే తేల్చేద్దాం రండి," అంటూ ఆయన్ని మీటరు దగ్గరికి తీసుకెళ్లింది. మీటరు మీద చిన్న ఎర్ర దీపం ఉంది. అది మూడు వేల రెండు వందల సార్లు మెరిస్తే ఒక యూనిట్ అని పక్కనే రాసి ఉంది.

"అన్నీ ఆపేసి నా మిషను ఒక్కటే నడుపుతాను. మీరు లెక్కపెట్టండి. కిక్కిరిసిన బస్సులో తలలు లెక్కపెట్టినవారు, మీకిదెంత!"

ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ అన్నీ ఆపేసింది. మిషను ఇంకా మొదలుపెట్టనే లేదు. దీపం మాత్రం టకటకా మెరుస్తూనే ఉంది.

"ఇదేమిటే, దయ్యమా?" అన్నారు అత్తగారు.

ముగ్గురూ గది గదీ గాలించారు. చివరికి స్నానాలగదిలో, గోడకు వేలాడుతున్న తువ్వాలు పైకెత్తితే దాని వెనక స్విచ్చు కనబడింది. వేణ్ణీళ్ల గీజరు ఆన్‌లో ఉంది. ఆ తువ్వాలు మామగారిది. చలి మొదలైనప్పటి నుంచీ, ఎప్పుడు చేతులు కడుక్కున్నా నీళ్లు వెచ్చగా ఉండాలని ఆయన దాన్ని ఆపడమే మానేశారు.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. గీజరు ఆపి, వెళ్లి మీటరు ముందు నిలబడ్డారు. ఆమె మిషను నడిపింది. పది నిమిషాల్లో దీపం నలభై ఎనిమిది సార్లు మెరిసింది. ఆమె జాకెట్టు గుడ్డ మీదే సుద్దముక్కతో లెక్క వేసింది.

"రోజుకు అయిదు గంటలు కుట్టినా అర యూనిట్ కాలదు మామయ్యా!"

"టికెట్టు లేనివాణ్ణి నేనేనన్నమాట," అన్నారాయన. అత్తగారు నవ్వాపుకోలేక గోడకు ఆనుకున్నారు. ఆయన కూడా నవ్వేశారు.

సాయంత్రానికల్లా ఆయనే వీధంతా చాటింపు వేశారు. అప్పటినుంచి ఆదివారాలు మామాకోడళ్లిద్దరూ ఇరుగుపొరుగు మీటర్లు చూడడానికి బయల్దేరేవారు, ఆయన కళ్లజోడుతో, ఆమె నోటుపుస్తకంతో. ఒక పంతులమ్మ ఇంట్లో ఫ్రిజ్ క్షణం ఆగకుండా నడుస్తోందని కనిపెట్టారు. తలుపు రబ్బరు మార్పించాక అది హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఇస్త్రీ దుకాణంలో ఆయన నూట పన్నెండు దాకా లెక్కపెట్టి ఊపు మీదున్నారు. అంతలో దుకాణదారు, "అయ్యా, టీ తాగుతారా?" అన్నాడు.

"తాగుతా... అయ్యో, మళ్లీ మొదటికొచ్చింది!"

ఆమె పగలబడి నవ్వుతూ నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పింది.