సీసాలో చీమలు

ములకలపల్లి బస్సులో నా పక్కన కూర్చున్నతను ఒళ్లో చీమల సీసా పెట్టుకున్నాడు. మా అడవికి కొత్తవాళ్లు వచ్చేది గని తవ్వడానికే గనక, ఇతనూ సర్వేకొచ్చాడనే అనుకున్నాను.

"చీమలు దారెట్ల గుర్తుపడతయో చూస్తున్న. ఒక ధర్మట్రస్టు ఖర్చులిస్తున్నది," అన్నాడు.

"దాంతోని ట్రస్టుకేమొస్తది సార్?"

"ఏం రాదు. సంగతి తెలుస్తది."

"ఏం రాకుంట ఊకెనే ఎవరిస్తరు?"

అతను అడవి మలుపులో బస్సు ఆపించి, "వీటిని పట్టింది ఇక్కణ్నే," అంటూ దిగి, చీమల్ని ఒక చెట్టు మొదట్లో వదిలాడు.

మర్నాడు బండి మీద వెళ్లి అక్కడంతా సర్వే రాళ్ల కోసం వెతికాను. ఒక్కటీ లేదు. చీమలు బారులు తీరి పోతుంటే, ఎటు పోతాయోనని వంగి వాటి వెంటే నడిచాను.

అతన్ని ఇప్పటికీ నమ్మను. ఆ మలుపులో మాత్రం రోజూ ఆగుతాను. ఎందుకని అడిగినవాళ్లకు సర్వే రాళ్లు చూస్తున్నానని చెబుతాను.