కార్బొరేటర్‌కు బొట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏనుగంత స్కూటరు ఒకటి ఉండేది. ముందే ఒప్పేసుకుంటున్నాను, నాకు గోరంతను కొండంత చేసే జబ్బుంది. మా ఆవిడ నేను చెప్పే ఏ సంగతినైనా నాలుగుతో భాగించి, వచ్చినదాంట్లో సగం నమ్ముతుంది. మీరూ ఆ పద్ధతే పాటించండి. సిగ్గుపడ్డాను అని చెప్పిన చోట మాత్రం భాగించకండి. అది అసలు కొలతే.

అప్పట్లో మేం మదీనాగూడలో అద్దెకుండేవాళ్ళం. ఇప్పుడక్కడ రోడ్డు దాటాలంటే వీలునామా రాసి దాటాలి గానీ, ఆ రోజుల్లో బొంబాయి రోడ్డుకు అటూ ఇటూ బండరాళ్ళూ తుమ్మచెట్లే. మా నాన్న గోదావరి వైపు నుంచి వచ్చి పటాన్‌చెరు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాడు. ఆయన 'అండి' అనని ప్రాణి లోకంలో లేదు. వీధికుక్క దారికడ్డంగా పడుకుంటే 'కాస్త జరగండి' అనేవాడు.

స్కూటరుకు మాత్రం ఆ మర్యాద లేదు. రోజూ చందానగర్ దాటగానే దగ్గి, తుమ్మి, ఆగిపోయేది. నాన్న దాన్ని తోసిన దూరమంతా కలిపితే కాశీకి పోయి రావచ్చు. ఇంకొక్కసారి ఆలస్యమైతే గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేస్తామని, ఇక రానక్కర్లేదని ఫ్యాక్టరీలో చెప్పేశారు. ఆ మాట నాన్న వంటింట్లో గొంతు తగ్గించి అమ్మతో అంటుంటే విన్నాను. దాన్ని నేనెప్పుడూ పెంచి చెప్పలేదు. పెంచడానికి అందులో ఖాళీ లేదు.

రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక మెకానిక్ ఉండేవాడు. ఆయన మీసం ఒక కొస షెడ్డులో ఉంటే రెండో కొస బస్టాపులో ఉండేది. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి కొత్తది వేశాననేవాడు, నాన్న 'మంచిదండి' అనేవాడు, మర్నాడు చందానగర్ దగ్గర బండి ఆగేది. చివరికి ఒకసారి, "కార్బొరేటరే ఖరాబైంది సార్. ఆదివారం పొద్దుగాల తేండ్రి, కొత్తది ఏస్త" అన్నాడు.

మా పక్కింటి అక్క సంగారెడ్డి వైపు మనిషి. స్కూటరుకు ముందేదో వెనకేదో కూడా ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసిందల్లా గిన్నెలు. స్టీలు సామాను మీద పేరు కొట్టించుకోవడం అందరిళ్ళలో ఉన్నదే గానీ, ఆమె ఇంట్లో పేరు లేని చెంచా ఉండేది కాదు. చారు పంపిన గిన్నె సాయంత్రానికి తిరిగి రాకపోతే, మా వంటింట్లోకే వచ్చి, బోర్లించి పేరు చూపించి మరీ పట్టుకుపోయేది.

శనివారం సాయంత్రం అమ్మ గోడు అంతా విని, అక్క నన్ను స్కూటరు దగ్గరికి పిలిచింది. "గాయన మారుస్తనన్నది ఏదిరా? సూపెట్టు" అంది. నాన్న రోజూ విప్పడం చూసేవాణ్ణి కనుక ఇంజిన్ పక్క డోరు తీసి చూపించాను. ఆమె ఇంట్లోకి వెళ్ళి గోళ్ళరంగు సీసా తెచ్చి, కార్బొరేటర్ అడుగున ఎర్రగా ఒక బొట్టు పెట్టింది. "గిన్నెకు పేరు కొట్టిస్తం, గింత పెద్ద బండికేమో ఏం లేదాయె" అని గొణుక్కుంది. నాన్నకు చెబితే ఇక జన్మలో కోతలు కొయ్యనని నాచేత ఒట్టు వేయించుకుంది. అవి మానేయాల్సి వస్తుందని నోరు మూసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం నాన్నా నేనూ బండి తెచ్చుకోవడానికి వెళ్ళాం. "కొత్త కార్బొరేటర్ ఏసిన సార్, ఇగ మీకు ఫికరే లేదు" అన్నాడు మెకానిక్. నాన్న 'మంచిదండి' అనబోతుండగా, కూరగాయల సంచితో అక్క ప్రత్యక్షమైంది.

"పాత సామాను ఏది? అన్నకియ్యి."

"పారేసినమమ్మా. గదేం జేస్కుంటరు?"

"పచ్చడి పెట్టుకుంటం. నీకెందుకు? ఆయన బండిది ఆయనకియ్యి."

జనం మూగారు. టీకొట్టు ఖాళీ అయింది. షోలాపూర్ నుంచి వచ్చే లారీలన్నీ ఆగిపోయాయి. మా లెక్కల మాస్టారు టీ గ్లాసుతో సహా వచ్చి ముందు వరసలో నిలబడ్డారు. నా చెవుల మీద పల్లీలు పోస్తే వేగిపోయేవి. ఈ అక్క మా అక్క కాదని అందరికీ ఎలా చెప్పాలా అని చూస్తున్నాను. నాన్న కాలి బొటనవేలితో నేల గీకుతున్నాడు.

"పోనీలెండమ్మా, వెళ్దామండి. అందరూ చూస్తున్నారు" అన్నాడు.

"సూడనియ్యి అన్నా. నీకెందుకు సిగ్గు? మోసం జేసినోడు మీసం దువ్వుకుంటుండు, మోసపోయినోడు నేల సూస్తుండు. ఇదేం లెక్క? డోరు తియ్యి."

నాన్న మోకాళ్ళ మీద కూర్చుని డోరు తీశాడు. అక్క చెయ్యి చూపించిన చోట వంగి అడుగున చూశాడు. ఎర్రటి బొట్టు అక్కడే, చెక్కుచెదరకుండా ఉంది.

"నిన్న నేనే పెట్టిన. నీ కొత్త కార్బొరేటర్ బొట్టు పెట్టుకునే పుట్టిందా?" అంది అక్క. జనం ఘొల్లుమన్నారు. అప్పుడు నాన్న లేచి, చేతులు దులుపుకొని, జీవితంలో మొదటిసారి 'అండి' లేకుండా, "కొత్తది వెయ్యి. నా పాతది నా చేతికివ్వు" అన్నాడు. మెకానిక్ మా కళ్ళముందే మార్చాడు. ఆ తర్వాత బండి చందానగర్ దగ్గర ఆగలేదు. నాన్న ఉద్యోగం నిలిచింది.

మొన్నామధ్య గచ్చిబౌలిలో కారు సర్వీసింగుకిచ్చాను. అద్దాల మేడ, మనిషిని ఫ్రిజ్‌లో కొత్తిమీరలా వణికించే ఏసీ. మెడలో టై కట్టుకున్న అబ్బాయి బ్రేకు ప్యాడ్లు మార్చేశామన్నాడు. పాతవి ఇమ్మన్నాను. "అవి ఎవరూ అడగరు సార్" అన్నాడు. నాతో వచ్చిన మా అమ్మాయి, రాయదుర్గంలో ఉద్యోగం చేసేది, ఫోనుతో మొహం కప్పుకుని, "నాన్నా, ప్లీజ్, అందరూ చూస్తున్నారు" అంది. యాభై ఏళ్ళ చెవులు మళ్ళీ పల్లీలు వేగేంత వేడెక్కాయి. అయినా అన్నాను, "నా పాతవి నా చేతికివ్వండి" అని. కవర్లో పెట్టి తెచ్చిచ్చారు. చూస్తే నిజంగానే అరిగిపోయి ఉన్నాయి. అబ్బాయి నిజాయితీపరుడే. అడిగినందుకు ఇంకాస్త సిగ్గేసింది గానీ, అడగడమంటే దొంగ అనడం కాదని, మనది మనం చూసుకోవడమేనని అమ్మాయికి దారంతా చెప్పుకుంటూ వచ్చాను. వినలేదు. నేను మాత్రం విన్నానా ఆ వయసులో?

ఇక లెక్క అప్పజెప్పాలి. లారీ ఒక్కటే ఆగింది, అదీ టైరు పంక్చరై. మాస్టారు రాలేదు. ఇవి అబద్ధాలు కావు, అలవాట్లు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే, నాన్న మాట. ఆ రోజు ఆయన ఏమీ అడగలేదు. బొట్టు చూసి, తానే తప్పు చేసినట్టు డోరు మెల్లగా మూసి, "పోనీలెండి" అన్నాడు. కొత్తది వేసేదాకా కదలకుండా కూర్చున్నది అక్కే. నాన్న నోట్లో పెట్టిన ఆ మాట, గచ్చిబౌలిలో నేనన్నదే. ఆయన అన్నట్టు రాసేటప్పుడు 'అండి' తీసేశాను, ఒక్కసారైనా గట్టిగా అడిగినట్టు ఉంటుందని.

నేనన్నప్పుడు మాత్రం 'అండి' ఉంది. అడగడం అక్క నేర్పింది. ఆ 'అండి' మా నాన్నది.