వెలుతురు అవతల నిలబడిన మనిషి

మా వైపు రాత్రి కబడ్డీ పోటీలకు దీపాలు కట్టేవాళ్లకి ఫోటోలు తీసేవాడంటే ఏదో పాత పగ ఉన్నట్టుంది. కోత అయిపోయిన పొలాన్ని చదును చేసి, నాలుగు మూలలా సర్వి కట్టెలు పాతి, ఒక్కోదానికి రెండేసి ఎల్‌ఈడీ దీపాలు బిగించి, ఎక్కడో దూరంగా జనరేటరు తిప్పి, "పగల్లాగా ఉంది చూడన్నా" అంటారు. పగలట, పగలు. కంటికి బాగానే ఉంటుంది, అసలు సంగతి కెమెరాకి తెలుస్తుంది. షట్టరు వేగం పెంచితే ఆటగాడి మొహం మీద నల్లటి పట్టీలు పడతాయి, ఎందుకంటే ఆ దీపాలు మనకు తెలియకుండా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. తగ్గిస్తే కాళ్లూ చేతులూ పొగలాగా సాగిపోతాయి. ఐఎస్‌ఓ అని వెలుతురు పట్టే శక్తి ఉంటుంది, అది పెంచితే బొమ్మ నిండా బొంబాయి రవ్వ చల్లినట్టు నలకలు. ఫ్లాష్ కొడదామంటే, కూతకు వెళ్లినవాడి కళ్లు చెదురుతాయని అంపైరు తిడతాడు.

తిరుత్తణిలో నాకు చిన్న స్టూడియో ఉంది. మా నాన్న బట్టల కొట్లో కూర్చోరా అంటే వినకుండా ఈ పనిలో పడ్డాను. ఇన్నేళ్లలో నేర్చుకున్నది ఒక్కటే. ఆ వెలుతురులో పరుగుని పట్టుకోవాలని చూడకూడదు, మనిషి ఆగే క్షణం కోసం కాచుకోవాలి. కూతకు వెళ్లబోయే ముందు గీత దగ్గర వంగి నేల తాకి కళ్లకద్దుకుంటాడే, అప్పుడు ఆగుతాడు. పాయింటు తెచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంటాడే, అప్పుడు ఆగుతాడు. మిగతాదంతా వట్టి పొగే.

పోయిన ఏడాది తామరైపాక్కం అవతల ఒక తెలుగు పల్లెలో పోటీలు పెట్టారు. ఆ ఊరి జట్టులో కూతకు వెళ్లేవాడు ఒకతను ఉండేవాడు. పాతికేళ్ల వయసు, బక్కపలచని మనిషి, పట్టుకుంటే దొరకడు. నేను కనపడితే చాలు, "అన్నా, ఈ తూరన్నా నా మొగం తెలిసేటట్టు తీయన్నా" అని ఎగతాళి చేసేవాడు.

ఆ రాత్రి పట్టాభిరామ్ ఊరి జట్టుతో ఆడుతుండగా తూర్పు మూల దీపాలు రెండూ ఆరిపోయాయి. అంపైరు ఈల ఊది ఆట ఆపాడు. దీపాల మనిషి వైర్లు లాగి చూస్తున్నాడు. అంతవరకూ గోల చేసిన జనం ఏమైందో అని గమ్మున ఉండిపోయారు. అతను మధ్య గీత దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని, ఆరిపోయిన మూల వైపు, చీకట్లోకి చూస్తూ నిలబడ్డాడు. పెదవుల మీద కాస్త నవ్వు. నేను నొక్కాను. ఆ రాత్రి తీసిన అన్ని ఫోటోల్లోనూ మొహం తేటగా పడింది అదొక్కటే.

ఆ వారమే తిరువళ్లూరు రోడ్డులో అతని బండిని లారీ కొట్టింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

క్లబ్బువాళ్లు ఫోను చేసి, ఫ్లెక్సుకి మంచి ఫోటో కావాలన్నారు. ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. మా వైపు మనిషి పోతే తెల్లారేసరికి రోడ్డు పక్కన 'కన్నీటి అంజలి' అని నిలువెత్తు ఫ్లెక్సు లేవాలి, దానికి మొహం కావాలి. ఆ ఫోటోలో మనిషిని కత్తిరించి, వెనకున్న చీకటి తీసేసి, నీలం ఆకాశం పెట్టి పంపాను. ఆ ఫ్లెక్సు వాళ్ల ఊరి బస్టాపు దగ్గర నెలల తరబడి ఉండిపోయింది. ఎండకి ఆకాశం వెలిసింది, చొక్కా వెలిసింది, కళ్లు మాత్రం వెలవలేదు. శోళవరం వైపు పెళ్లి పనులకు పోయేటప్పుడల్లా అదే నవ్వు, అదే పక్క చూపు. ఎవర్ని చూస్తున్నావయ్యా అని నాలో నేను అడిగేవాణ్ని. భయం వేసేది, నిజంగానే. సందె వేళయితే వేరే దారి పట్టేవాణ్ని.

కర్మాంతరం అయిన కొన్నాళ్లకి అతని తండ్రి మా స్టూడియోకి వచ్చాడు. అరవై దాటిన రైతు. కూర్చోమన్నా కూర్చోకుండా, ఫోనులో ఆ ఫ్లెక్సు ఫోటో తీసి చూపించాడు.

"ఇది తీసినప్పుడు వాడు యాడ చూస్తా ఉన్నాడప్పా?"

"తూర్పు మూల మామా. ఆడ దీపాలు ఆరిపోయినాయి ఆ పొద్దు."

"అది నాకు తెలుసు. నేను ఆడనే ఉండినా."

మెల్లగా సంగతంతా చెప్పాడు. కంపెనీ ఉద్యోగం వదిలేసి ఆటల వెంట పడ్డాడని కొడుకుతో మాట మానేశాడట. నువ్వు ఆడే చోట కాలు పెట్టనని అందరి ముందూ అన్నాడట. అన్నట్టే ఉన్నాడని భార్య కూడా నమ్మింది. కానీ ఆ రాత్రి మోటారు ఆపి వస్తానని చెప్పి, పొలాల వెంట నడిచి వచ్చి, తూర్పు పక్క ఎత్తు గట్టు మీద తాటిచెట్టు కింద, తల మీద తుండుగుడ్డ వేసుకుని నిలబడ్డాడు. ఆట ఆగింది. కొడుకు తన వైపు తిరిగి నవ్వాడు. ఈయన వెంటనే చెట్టు వెనక్కి తప్పుకుని ఇంటిదారి పట్టాడు. మాట్లాడుకోవడానికి ఇంకా చాలా రోజులున్నాయనుకున్నాడు.

"ఒక్కటే చెప్పప్పా. వాడు నన్ను చూసినాడా, లేదా?"

కత్తిరించని ఫోటో కంప్యూటర్లో తెరిచి, చీకటిగా ఉన్న భాగాన్ని కొద్దికొద్దిగా తేట చేశాను. నలకల మధ్య నుంచి ఒక్కొక్కటే పైకి వచ్చాయి. గట్టు, తాటి మాను, మాను పక్కన తెల్లటి మరక. "ఆమా, అది నేనే" అని తలూపి ఆయన వేలితో తెరని తాకాడు. కొడుకు చూపు సూటిగా ఆ మరక మీదికే పోతోంది. ఇప్పటికీ రాత్రి ఆటల ఫోటోల్లో చీకటిని తేట చేయాలంటే నాకు చేతులు రావు, ఎవరు బయటపడతారో అని.

ఆ ఫోటో ప్రింటు వేసి ఇచ్చాను. అంతటితో సరిపెట్టుకుంటాడనుకున్నాను. బజారు పనికి వచ్చినా, కొండ మీద గుడికి వచ్చినా మా మెట్లెక్కేవాడు, మళ్లీ అదే ప్రశ్న. నాకు జవాబు తెలుసు. జట్ల ఫోటోలు తీయడానికి ఆ దీపాల నడుమ ఎన్నిసార్లు నిలబడ్డానో. అక్కణ్నుంచి బయటికి చూస్తే నల్లటి గోడే, మనుషులుండరు, చెట్లుండవు. ఆ మాట ఆయనతో ఏ నోటితో అనను? "చూసే ఉంటాడులే మామా" అనేవాణ్ని. "మొగమాటానికి చెప్తా ఉండావు" అని వెళ్లిపోయేవాడు.

ఒకరోజు పెళ్లి ఆల్బం పనిలో తలమునకలై ఉండగా వచ్చాడు. నాకు తిక్క రేగింది.

"నన్నెందుకు మామా ఇట్లా పీక్కు తింటావు? వాడి కండ్లల్లో నేనేమన్నా కూర్చోనుంటినా? నాకు తెలీదు."

ఆయన కోపం తెచ్చుకోలేదు. "సరి. వచ్చే నెల వాడి పేరు మీద ఆ పొలంలోనే ఆటలు పెడతా ఉండారు. దీపాలేసే పొద్దుకి నువ్వు రా. నేనే చూసుకుంటా" అన్నాడు.

వెళ్లాను. వెళ్లకపోతే నాకు మనశ్శాంతి ఉండేది కాదు. చీకటి పడగానే దీపాలు వేశారు. ఇంకా జట్లు రాలేదు, జనం లేరు. దీపాల మనిషికి చెప్పి, ఆ రోజు ఉన్నట్టే ఉండాలని తూర్పు మూలవి రెండూ ఆర్పించాను. అవి ఆరిపోయి ఉన్నాయి కాబట్టి కొడుకు కళ్లకు అటు చూపు ఆని ఉంటుందని ఆయన ఆశ. నన్ను తాటిచెట్టు కింద నిలబెట్టి, తన తుండుగుడ్డ నా తల మీద తనే వేశాడు. తర్వాత కిందికి దిగి, చెప్పులు బయట విడిచి, మధ్య గీత దగ్గరికి నడిచి ఇటు తిరిగాడు.

నాకు ఆయన మొత్తం కనపడుతున్నాడు. ఊడిన చొక్కా గుండీ, తెల్లటి గడ్డం, పాదాలకంటిన మట్టి. ఆయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెతుకుతున్నాడు. పక్క మూలల దీపాలు మొహం మీద కొడుతున్నాయి. చూపు నా మీదుగా జారిపోయి, ఎక్కడో ఎడమ పక్క, ఎవరూ లేని చోట ఆగింది. అటు చెయ్యి ఊపాడు. నాకు ఏడుపొచ్చింది. నేనూ చెయ్యి ఊపుదామంటే ఆయనకు కనపడదు.

"ఉండావా అప్పా?" అని అటే చూస్తూ అడిగాడు.

"ఈడ ఉండా మామా" అన్నాను. గట్టిగా కూడా అనలేదు.

ఆయన చటుక్కున సరిగ్గా నా మొహం వైపు తిరిగాడు.

"నువ్వు కనపడవు. మాట మాత్రం పక్కనుండి చెప్పినట్టు వినపడతా ఉంది" అన్నాడు.

దీపాలు మళ్లీ వెయ్యమంటారా అని దీపాల మనిషి అడిగాడు. కాసేపాగమని ఆయన చేత్తో సైగ చేశాడు.

"ఆ పొద్దు ఆట ఆగినప్పుడు కూడా ఇట్లే సద్దు లేకుండా ఉన్నిందప్పా" అన్నాడు ఆయన. "రేయ్ అని ఒక్క మాట అనింటే సాలు. నేనొచ్చినానని తెలిసుండేది వాడికి."