లుంగీ గుడ్డ కింద వేళ్ళు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే అలవాటుంది. దోమ కుడితే నా నోట్లో అది గద్ద అవుతుంది. నాలుగు చినుకులు పడితే పాలారు పొంగి మా వీధి మలుపు దాకా వచ్చిందంటాను. పాలారులో ఇసుక తప్ప మరొకటి చూడని వేలూరు వాళ్ళు కూడా నేను చెబుతుంటే పంచె పైకెత్తుకుంటారు. నా భార్య నిర్మల నేను చెప్పే ప్రతిదాన్నీ పదితో భాగించి వింటుంది. మీరూ అలాగే చదువుకోండి. ఇందులో పెంచినవి చాలా ఉన్నాయి, అసలు లేనిదాన్ని పుట్టించింది మాత్రం ఒక్కటే. అదేదో చివర చెబుతాను.

మొన్న పొద్దున ల్యాప్‌టాప్ తెరిచి ట్రాక్‌ప్యాడ్ మీద వేలు పెట్టాను. ఎప్పటిలాగే చల్లగా, నున్నగా తగిలింది. తెర మీద బాణం మాత్రం కదల్లేదు. ఒక వేలితో రుద్దాను, రెండు వేళ్ళతో రుద్దాను. ఆ చదరపు పలకను నిమిరినంతగా పెళ్ళైన కొత్తలో నిర్మల చేతిని కూడా నిమరలేదు. ఇడ్లీ తిన్న చెయ్యి కదా, నూనె ఉందేమోనని సబ్బుతో కడుక్కొచ్చాను. తడి ఉందేమోనని ఫ్యాను కింద చెయ్యెత్తి నిలబడ్డాను. పలకను తడిగుడ్డతో తుడిచాను, పొడిగుడ్డతో తుడిచాను. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. బాణం తెర మధ్యలో, నడిరోడ్డు మీద పడుకున్న ఎద్దులాగా, కదిలేది లేదని తేల్చేసింది.

వంటింట్లోంచి నిర్మల కేకేసింది. "ఏమైనాది? పొద్దున్నించి ఏందా మూలుగుడు?"

"చచ్చిపోయింది."

"ఎవురు?" గరిటె చేతిలో ఉండగానే పరిగెత్తుకొచ్చింది.

"ట్రాక్‌ప్యాడ్."

"అయ్యో, అంతేనా! మీ పెద్దమ్మ అనుకుంటిని." గరిటె పక్కన పెట్టి ఫోను అందుకుంది. "కాట్పాడి రోడ్డులో రిపేరు చేసే ఆయప్పకు ఫోన్ చేస్తా ఉండా. ఏది పనిచేసేది లేదని చెప్పేది?"

ఆ ప్రశ్న వినగానే నా చేతుల మీద ఒక బట్ట పడ్డట్టనిపించింది. గంజి వాసన వేసే, నీలం తెలుపు గళ్ళ లుంగీ గుడ్డ. దాంతోపాటు, ఈ ప్రశ్ననే తిరగేసి అడిగే గొంతు కూడా వినిపించింది. పంకజం టీచర్ గొంతు.

మాది గుడియాత్తంలో మగ్గం నేసే కుటుంబం. నేను ఒక గజం నేస్తే మా నాయన రెండు గజాలు విప్పాల్సి వచ్చేది. నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఆయన విసిగిపోయి, "నీ చెయ్యి మగ్గం మీద నిలిచేది లేదు నాయనా, టైపు మిషను మీదన్నా నిలుస్తాదేమో చూడు" అని పంకజం టీచర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చారు. అది ఒక మగ్గాల షెడ్డు మీది మిద్దె. కింద మగ్గాలు టకాటకా కొట్టుకునేవి, పైన మా టైపు మిషన్లు కొట్టుకునేవి. రెండు చప్పుళ్ళూ కలిసేసరికి ఆ వీధిలో కోడిపుంజులు కూయడమే మానేశాయి. కింది నూలు నుంచి దూది పీచు పైకి లేచి కిటికీల్లోంచి వచ్చి అన్నింటి మీదా వాలేది. క్లాసు ముగిసేసరికి మా తలలు నెరిసిపోయేవి. ఆ గది వెనకాలే చిన్న గదిలో టీచర్ ఒక్కతే ఉండేది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు.

పొట్టి మనిషి, పెద్ద కళ్ళద్దాలు. నేను కీలను చూసి కొడుతున్నానని మొదటి రోజే పసిగట్టింది.

"కండ్లు యాడ పెట్టినావు నాయనా?"

"కీల మీద టీచర్."

"కండ్లు కాగితానికి, వేళ్ళు కీలకు. ఒకరి పనిలో ఇంకొకరు దూరితే ఇంట్లో గొడవే గదా?" అంటూ బీరువాలోంచి లుంగీ గుడ్డ ముక్క తీసి నా రెండు చేతుల మీదా కప్పేసింది. కింది షెడ్డు వాళ్ళు మచ్చుకిచ్చిన ముక్కలు ఆవిడ దగ్గర బోలెడుండేవి. ఆ గుడ్డ కింద నా వేళ్ళు కరెంటు పోయిన సినిమా హాల్లో జనంలా ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. మొదటి వారం నేను కొట్టింది ఏ భాషో ఇప్పటికీ తేలలేదు. అయినా ఆవిడ గుడ్డ తీయలేదు, ఒక్క తప్పు దిద్దకుండా వదలనూ లేదు. ఎర్ర సిరాతో సున్నాలు చుట్టీ చుట్టీ నా కాగితాన్ని కుంకుమ పొట్లం చేసేసేది.

ఒకరోజు నా మిషన్‌లో ఆర్ అక్షరం కొడితే లేచి రావడం మానేసింది. నాకు సంబరం. ఇంటికి పోవచ్చు కదా!

"టీచర్, మిషను చెడిపోయినాది."

"మిషనంతానా?"

"ఆర్ లేచేది లేదు."

"ఏది పనిచేసేది లేదో ఎవురైనా చెప్తారు. ఏది పనిచేస్తా ఉండాదో అది చెప్పు."

మిగిలిన అక్షరాలన్నీ ఒక్కొక్కటే కొట్టి చూపించాల్సి వచ్చింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఒక పిలకాయ రాలేదని బడి మూసేస్తారా? ఉన్నోళ్ళతో పాఠం మొదలుపెట్టు, వాడి సంగతి తర్వాత చూస్తాం" అంది. ఆ పూటంతా ఆర్ లేని ఇంగ్లీషు కొట్టాను. ఆఖరున బ్రష్షు పెట్టి ఆర్ కింద ఇరుక్కున్న దూది తీశాం. దాంతో ఒక దిండు కుట్టించుకోవచ్చు.

అలా సాగుతుండగా ఊళ్ళోకి కంప్యూటర్లు వచ్చాయి. టైపుకు చేరేవాళ్ళు తగ్గిపోయారు. ఒక సాయంత్రం తిరుపత్తూరు నుంచి టీచర్ అన్న శేషాద్రిగారు వచ్చారు. అక్కడ ఆయనకు కిరాణా కొట్టు, పెద్ద ఇల్లు. తలుపు పక్కనే టైపు కొడుతున్న నా చెవులు సహజంగానే అటు తిరిగాయి.

"పోదుం పంకజా, చేసింది చాలు. ఈ ఇనుప సామాన్లు ఇంక ఎవురికి కావాల? మా ఇంటికి వచ్చేయి. మిద్దె మీద రూము ఖాళీగా ఉండాది."

"ఆ రూములో ఏం చేసేది అన్నా?"

"చేసేదేందమ్మా? టీవీ చూడు. మీ వదినకు తోడుగా ఉల్లిగడ్డలు తరుగు."

టీచర్ తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది. "ఈ పది వేళ్ళూ ఉల్లిగడ్డలకా?"

ఆయన నొచ్చుకున్నారు. ప్రేమతోనే పిలిచారు పాపం. ఆయన వెళ్ళాక ఆవిడ నాతో, "మా అన్న మంచోడురా. అదే వచ్చిన కష్టం. చెడ్డోడైతే కాదనేది ఎంత సులువు!" అంది. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. టీచర్ ఒక కంప్యూటర్ కొంటుంది. ఆ నెలాఖరులోగా పదిమంది చేరితే సరి, లేదంటే తలుపుకు తాళం వేసి తిరుపత్తూరు బస్సెక్కాలి.

కంప్యూటర్ వచ్చింది. దాన్ని కింది నుంచి మిద్దెకెక్కించడానికి ఊరు ఊరంతా తాడు పట్టిందని నా జ్ఞాపకం. నిర్మల లెక్క ప్రకారం ఇద్దరు పట్టి ఉంటారు. దాంతోపాటు మౌస్ కూడా వచ్చింది కానీ టీచర్‌కు అది నచ్చలేదు. "మాటిమాటికీ చెయ్యి కీల మీద నుంచి లేపితే అది టైపింగా, ఈగలు తోలడమా?" అని పుస్తకం చూసి, ఏ పనైనా కీలతోనే చేసే దారులు తను నేర్చుకుని నాకూ నేర్పింది, అదీ లుంగీ గుడ్డ కింద. తల్లిదండ్రులను పిలిచి కంప్యూటర్ చూపించాలని ఒక ఆదివారం ఏర్పాటు చేసింది. అందరూ మౌస్ చూడటానికే వస్తారు కాబట్టి దాంతో బొమ్మ గీసి చూపించాలని అనుకున్నాం. కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది.

"నేనెందుకు టీచర్? నాకంటే బాగా చేసేవాళ్ళు ఉన్నారు గదా."

"అందుకే. నీకు వస్తే ఎవురికైనా వస్తాదని జనం నమ్ముతారు."

ఆదివారం జనం విరగబడ్డారు. మిద్దె ఒరిగిందేమోనని కింది నేతగాళ్ళు బయటికొచ్చి చూశారు. ముందు వరసలో శేషాద్రిగారు, పక్కనే లుంగీల వ్యాపారి మునిరత్నంగారు. నేను మౌస్ పట్టుకుని ఠీవిగా జరిపాను. బాణం కదల్లేదు. ఆనాటి మౌస్ కడుపులో ఒక రబ్బరు గుండు ఉండేది, అది దొర్లితేనే బాణం కదిలేది. మా దూది దాని కడుపులోకి కూడా దూరి గుండును బిగించేసింది. బల్ల మీద కొట్టాను, ఊదాను. నా చెమటతో పాలారులో పడవలు నడపొచ్చు. వెనక ఎవరో గొణిగారు, "కొత్తదే చెడిపోయినాదే!" శేషాద్రిగారు ఒళ్ళోని సంచి సర్దుకున్నారు. చెల్లెలి గదిలోకి తలుపు సందులోంచి చూశారు, ఏమేం సామాను మోయాలో అని లెక్క వేసుకుంటున్నట్టు.

టీచర్ నా పక్కకొచ్చి వంగింది. "ఏమైనాది?"

"మౌస్ పోయినాది టీచర్. అంతా పోయినాది."

"ఏది ఉండాది?"

నేను చూశాను. "కీబోర్డు ఉండాది."

"మరి?"

ఆవిడ చెంగు సర్దుకుని, బీరువా తెరిచి, నీలం తెలుపు గళ్ళ గుడ్డ తెచ్చి, అందరూ చూస్తుండగా నా చేతుల మీద కప్పింది. గుడ్డ కింద నా వేళ్ళు మొదలుపెట్టాయి. ఒక మీట కొడితే జాబితా తెరుచుకుంది, ఇంకోటి కొడితే తెల్ల కాగితం వచ్చింది. బొమ్మ గీయడం కుదరదు కాబట్టి శేషాద్రిగారి పేరు, ఊరు కొట్టాను. అక్షరాలు లావు చేశాను, ప్రింటర్‌కు పంపాను. దాని అరుపుకు కింద మగ్గాలు ఆగిపోయాయి. టీచర్ కాగితం చింపి అన్న చేతికిచ్చింది. ఒక్క తప్పు లేదు. నా జీవితంలో తప్పు లేకుండా కొట్టిన మొదటి కాగితం అది.

మునిరత్నంగారు మెల్లగా లేచారు. "అమ్మా, అంతా బాగుండాది. ఆ గుడ్డ కంప్యూటరుతోనే వస్తాదా, మనమే తెచ్చుకోవాలనా?"

టీచర్ నవ్వలేదు. "తెచ్చుకోవాల. కాటన్ అయితే మంచిది."

సోమవారం పొద్దున చేరడానికి వచ్చిన పిల్లలందరి చంకల్లోనూ తలా ఒక లుంగీ ముక్క. ఎవరి మగ్గం గళ్ళు వాళ్ళవి. గుడ్డ కప్పకపోతే కంప్యూటర్ పలకదని గుడియాత్తంలో చాలాకాలం నమ్మారు. పదిమంది కాదు, ఆ వరస మెట్లు దిగి వీధి దాటి పక్క ఊరు పళ్ళికొండ దాకా పోయింది. (పదితో భాగించండి. అప్పటికీ పదిమందికి పైనే ఉన్నారు.)

కానీ టీచర్ ఉంటుందా పోతుందా అన్న సంగతి సోమవారం దాకా ఆగకుండా ఆదివారమే తేలిపోయింది. శేషాద్రిగారు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని లేచారు. "పంకజా, ఉల్లిగడ్డలు మీ వదిన ఒకతే తరుక్కుంటాదిలే" అని, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగారు. అందరూ వెళ్ళిపోయాక టీచర్ మౌస్‌ను బోర్లా తిప్పి, గుండు బయటికి తీసి, పిన్నీసుతో లోపలి దూదిని కొంచెం కొంచెం లాగుతూ, తలెత్తకుండానే, "బాగా చేసినావురా" అంది.

మొన్న నిర్మల ఫోను పట్టుకుని, "ఆయప్ప లైన్లో ఉండాడు, ఏం చెప్పేది?" అంటుంటే నేను రుద్దడం ఆపేశాను. ఏది పనిచేస్తా ఉండాది? కీబోర్డు. కిటికీ బొమ్మ మీట నొక్కి టచ్‌ప్యాడ్ అని కొట్టాను, ఎంటర్ నొక్కాను. ట్యాబ్‌తో జరుగుతూ పోతే దాని స్విచ్ దొరికింది. ఆఫ్‌లో ఉంది! స్పేస్ బార్ కొట్టాను. ఎద్దు లేచి నడిచింది. ముందురోజు దుమ్ము దులుపుతూ కీబోర్డు పైవరస మీటలన్నీ గుడ్డతో నలిపి దాన్ని ఆపేసింది నేనే. ఆ సంగతి నిర్మలకు చెప్పలేదు, ఇక్కడ చదివి తెలుసుకుంటుంది.

"ఏం చేస్తిరి?"

"స్పేస్ బార్ నొక్కినా."

"దీనికా ఇంత సేపు పీనుగ ముందర మాదిరి ఒప్పారి పెట్టి ఏడిస్తిరి!"

ఇప్పుడు నాకు మోకాలు పట్టేస్తే రెండో మోకాలిని ముందు పలకరిస్తాను. రాయడానికి కూర్చుంటే ఒక్క మాట తప్ప ఏదీ తోచని రోజున, ఆ ఒక్క మాటతోనే మొదలుపెడతాను. మా ఇంట్లో మాటామాటా వచ్చి మౌనాలు నడిచే రోజుల్లో కూడా కాఫీ మాత్రం ఆగదు, అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెడతాం. ఇదంతా నా తెలివి కాదు. గుడ్డ కింద నేర్చుకున్నది.

టీచర్ ఇంకా ఆ మిద్దె మీదే ఉంది. కంప్యూటర్లు ఎక్కువయ్యాయి, టైపు మిషన్లు కూడా రెండున్నాయి, పరీక్షలకు కట్టే పిల్లలు ఇప్పటికీ వస్తారు. ఈ రాతను మాత్రం ఆవిడ చదవలేదు. బళ్ళో చదివింది తమిళమే కాబట్టి, మా వైపు చాలామందిలాగే ఆవిడకు తెలుగు మాట్లాడటం వచ్చు, అక్షరాలు రావు. నాకూ పెళ్ళయ్యాక చిత్తూరు పిల్ల నిర్మల నేర్పితేనే వచ్చాయి. అందుకే ఈ ఆదివారం గుడియాత్తం వెళ్ళి చదివి వినిపిస్తాను.

ఇక నేను పుట్టించిన ముక్క. గుడ్డ నిజం, దూది నిజం, మునిరత్నంగారి ప్రశ్న నిజం. ఆవిడ నాతో "బాగా చేసినావురా" అనలేదు. మౌస్‌లోంచి దూది లాగుతూ, తలెత్తకుండా, "రేపు పొద్దున్నే రా, మిషన్లన్నీ తుడవాల" అంది. రేపు అన్న మాట ఆవిడ నోట ఆ నెలంతా నేను వినలేదు. అది చాలదా అంటే చాలు. అయినా ఇన్నేళ్ళలో ఎప్పుడో ఆ మెచ్చుకోలు నేనే అతికించుకున్నాను.

ఆదివారం ఆ చోటికి వచ్చినప్పుడు దాటేయకుండా చదువుతాను, చదివి ఆవిడ ముఖం చూస్తాను. నా తప్పు ఒక్కటీ దిద్దకుండా వదిలిన మనిషి కాదు. ఈ ఒక్కటీ వదిలేస్తే చాలు.